పెట్టెకు ఊపిరి

ఎండకాలము చివర, తొలకరికి ముందు, కోనసీమలో మధ్యాహ్నపు జల్లులు హఠాత్తుగా వచ్చును. కొత్తపేట ప్రాంతమున ఒక కొబ్బరితోటలో నీటిమోటారు ప్రక్క స్తంభమునకు బిగించిన డబ్బా నొకదానిని ఊహించుకొనుడు. అందులో మోటారును నడిపించు స్టార్టరు, దానితోబాటు సెల్‌ఫోను పిలుపునకు పలుకు చిన్న ఎలక్ట్రానిక్ పలక ఉన్నవి. మూత చుట్టు రబ్బరు పట్టీ, నాలుగు మూలల మరలు. ఉదయము నుండి ఎండకు కాగిన ఆ డబ్బాపై మూడు గంటల వేళ వాన కొట్టినది; పావుగంటలో వెలిసినది. మరునాడు మూత విప్పగా అడుగున చారెడు నీరు! రబ్బరు పట్టీ చెక్కు చెదరలేదు, మరలు వదులు కాలేదు. రైతు వాటిని మరింత బిగించి, అంచుల వెంబడి జిగురుముద్ద కూడ పూసెను. రెండు వానలు గడచునప్పటికి నీరు మరల వచ్చినది. ఈసారి ఆ నీటికి బయటకు పోవు దారి కూడ లేకపోవుటచే పలకపై రాగిగీతలు పచ్చబారినవి.

ఇందులో రైతు చేసిన తప్పేమియు కానరాదు. నీరు రాకుండవలెనన్న కంతలు పూడ్చవలెనని ఎవరికైనను తోచును. అయితే ఇక్కడ చేయవలసినది అందుకు విరుద్ధము. డబ్బాకు ఒక కన్నము పెట్టవలెను. ఈ సంగతిని మానవుడు ఒక్కసారిగా తెలిసికొనలేదు. దీపస్తంభములు, బొగ్గుగనులు, ట్రాన్సుఫార్మర్లు, యుద్ధరంగపు రేడియోలు ఒక్కొక్కటి ఒక్కొక్క పాఠము చెప్పగా మెల్లమెల్లగా నేర్చుకొన్నాడు.

మొదట దోషి ఎవరో చూడవలెను. వేడివేడి పులుసు పోసి బిగించిన క్యారియరు గిన్నె మూత చల్లారిన తరువాత ఎంత లాగినను రాదు. లోపలి గాలి, ఆవిరి చల్లబడి పీడనము తగ్గుటయు, బయటి గాలి మూతను నొక్కిపట్టుటయు అందుకు కారణము. స్టార్టరు డబ్బాలో జరుగునదియు అదే. డబ్బా లోపలి కొలతలు 20, 20, 15 సెంటీమీటర్లు అనుకొన్నచో అందు 6 లీటర్ల గాలి ఉండును. ఎండలో ఆ గాలి 60 డిగ్రీలకు చేరును. అప్పుడది వ్యాకోచించి రబ్బరు అంచుల సందుల నుండి కొంత మెల్లగా బయటపడును. వాన తగిలి లోపలి గాలి 30 డిగ్రీలకు దిగినచో, పరమ ఉష్ణోగ్రతలలో అది 333 నుండి 303కు దిగుట. అనగా పీడనము సుమారు నూటికి తొమ్మిది వంతులు, దాదాపు 90 మిల్లీబార్లు తగ్గవలెను. అప్పుడు మూతపై బయటిగాలి వేయు అదనపు బరువు సుమారు 37 కిలోగ్రాములు. ఒక బస్తా సిమెంటులో మూడు వంతులు! ఏ సన్నని సందు దొరికినను అందుండి లోనికి పీల్చు బలమిది. గాలి దొరికిన గాలిని పీల్చును. కాని వాన సమయమున మూత అంచు వెంబడి నిలిచియుండునది నీరు కదా. అందువలన పీల్చునది నీటినే.

ఇక్కడ ఒక పోలిక ఆసక్తికరము. తీవ్రమైన తుఫానులో వాయుపీడనము 50 మిల్లీబార్లు పడిపోయినచో అది చాల పెద్ద పతనము. అమలాపురము నుండి అదే డబ్బాను సుమారు 900 మీటర్ల ఎత్తున నున్న అరకులోయకు కొనిపోయినచో తగ్గు పీడనము దాదాపు 100 మిల్లీబార్లు. అనగా వేసవి మధ్యాహ్నపు పావుగంట జల్లు ఆ డబ్బా గోడలపై వేయు భారము తుఫాను పతనమును మించి, కొండయెక్కుటకు ఇంచుమించు సమానమగుచున్నది. తుఫానుకు జడియు మనుష్యుడు ఈ చిన్న జల్లును లెక్కచేయకుండుట సహజమే.

మూసిన పెట్టె వాయుపీడనమును కొలుచునను సంగతిని వినియోగమునకు తెచ్చిన వాడు ఫ్రాన్సు దేశస్థుడు లూసియన్ వీడీ. టోరిసెల్లి 1643లో పాదరసపు గొట్టముతో భారమితిని కనుగొనియుండెను. పొడవైన గాజుగొట్టము, ఒలికిపోవు పాదరసము ఓడలమీద చిక్కు తెచ్చునవి. వీడీ 1844లో పాదరసమే లేని భారమితికి పేటెంటు పొందెను. అందుండునది గాలి తీసివేసి మూసిన పలుచని లోహపు డబ్బీ మాత్రమే. బయటి పీడనము పెరిగిన దాని ముఖము లోనికి నొక్కుకొనును, తగ్గిన ఉబ్బును, ఆ కదలికను మీటలు పెద్దవి చేసి ముల్లును త్రిప్పును. గోదావరి ముఖమున ఇట్టి సాధనము విలువ చెప్పనక్కరలేదు. కోనసీమకు గౌతమీపాయ ఆవలిగట్టున నున్న కోరంగిని 1789లో, మరల 1839లో తుఫాను ఉప్పెనలు ముంచెత్తినవి. కలకత్తాలో హెన్రీ పిడింగ్టన్ ఈ కోరంగి తుఫానుతో సహా బంగాళాఖాతపు గాలివానలను పరిశీలించి, పాము చుట్టను స్ఫురింపజేయు గ్రీకు పదము నుండి 1848లో 'సైక్లోన్' అను పేరు పెట్టెను.

వీడీ డబ్బీ ఉబ్బుటకే పుట్టినది. స్టార్టరు డబ్బా అట్లు కాదు. అయినను ఎంత బిగువుగా మూసిన అంత చక్కగా అదియు ఒక భారమితియై కూర్చుండును. దాని ముల్లు మాత్రము రబ్బరు పట్టీయే. ప్రతి దినము ఉబ్బుచు ముడుగుచు ఆ పట్టీ అలసి, ఒకనాడు దారి యిచ్చును.

రెండవ మార్గము, అనగా పెట్టెను మూయుచునే ఊపిరి నిచ్చుట, ఇంగ్లండులో దీపముల నుండి మొదలైనది. 1812లో ఫెల్లింగ్ అను చోట బొగ్గుగనిలో ప్రేలుడు జరిగి తొంబదిమందికి పైగా మరణించిన తరువాత హంఫ్రీ డేవీని సహాయము కోరిరి. 1815లో ఆయన దీపపు మంట చుట్టు సన్నని లోహపు జల్లెడను అమర్చెను. గాలి, గనిలోని మండు వాయువు జల్లెడ గుండ పోవును. మంట మాత్రము పోజాలదు. జల్లెడ తీగలు వేడిని లాగికొనుటచే వాయువు అంటుకొను ఉష్ణోగ్రతకు చేరదు. ఒకదానిని పోనిచ్చి మరొకదానిని ఆపు కన్నము, బుద్ధిపూర్వకముగా రూపొందింపబడినది, బహుశః ఇదియే తొలి ప్రసిద్ధ ఉదాహరణము. ఈ పనిలో డేవీకి తోడ్పడిన యువకుడు మైకేల్ ఫారడే.

ఆ ఫారడేయే 1836లో దీపస్తంభముల సంస్థకు శాస్త్ర సలహాదారుగా నియుక్తుడయ్యెను. విద్యుత్తులో ఆయన చేసిన పరిశోధనలు పాఠ్యగ్రంథములలో నిండియున్నవి గాని, ఈ దీపస్తంభపు పని ఎవరికిని గుర్తుకు రాదు. దీపపు గదిని గాలివానకు తట్టుకొనునట్లు గాజుపలకలతో మూసిరి. మూసిన కొలది గాజుల లోపలివైపు నీరు పట్టి కాంతి బయటకు పోకుండెను. ఆ నీరు వానది కాదు, దీపముదే. ఒక కిలోగ్రాము నూనె మండిన కిలోగ్రామునకు కొంచెము పైగానే నీటి ఆవిరి పుట్టును. ఫారడే దీపమునకు ప్రత్యేకమైన పొగగొట్టము అమర్చి, ఆ ఆవిరి గదిలోనికి చేరకయే బయటకు పోవునట్లు చేసెను. ఐల్ ఆఫ్ వైట్ దీవిలోని సెయింట్ కేథరిన్ దీపస్తంభమున దానిని పరీక్షించిరి. గాజులు ఆరిపోయినవి. ఆ రూపకల్పనను ఆయన తన సోదరుడు రాబర్టుకు ఇచ్చివేయగా 1843లో అతని పేర పేటెంటు వచ్చినది. గాజుపై మసక చిన్న సంగతి కాదు. 1867లో అమెరికా యుద్ధనౌక సాక్రమెంటో గోదావరి ముఖమునకు చేరువ మెరకలో చిక్కి పగిలిపోయినది. నేటికిని ఆ మెరకకు ఆ ఓడ పేరే నిలిచియున్నది. అట్టి తీరమున దూరపు కాంతియే నావికునకు దిక్కు.

విద్యుత్తు వచ్చిన తరువాత ఊపిరి సమస్య ట్రాన్సుఫార్మరుకు ప్రాకినది. వేయి లీటర్ల నూనె 30 డిగ్రీలు వేడెక్కిన సుమారు 20 లీటర్లు పెరుగును. రాత్రి బరువు తగ్గి నూనె చల్లారగనే ట్రాన్సుఫార్మరు బయటి గాలిని లోనికి పీల్చును, గాలితో తేమ, తేమతో నూనె చెడును. దానికి ముక్కుగా ఒక గొట్టమునుంచి, గొట్టములో తేమను పీల్చు పదార్థమును నింపిరి. అమెరికాలో వాల్టర్ పాట్రిక్ 1919లో పేటెంటు పొందిన సిలికాజెల్ ఈ పనికి చక్కగా కుదిరినది. ఊరి చివరి పెద్ద ట్రాన్సుఫార్మరు ప్రక్కన వ్రేలాడు గాజుగిన్నెలో నీలపు గింజలు అవియే. తేమ నిండిన కొలది అవి గులాబిరంగునకు మారును. నీలపు రంగు నిచ్చు కోబాల్టు లవణము ఆరోగ్యమునకు మంచిది కాదని ఇటీవల నారింజరంగు గింజలను కూడ వాడుచున్నారు. గింజలు గులాబియైన తరువాత వాటిని మార్చుటకో, వేడిచేసి ఆరబెట్టుటకో ఒక మనిషి కావలెను. సబ్‌స్టేషనులో అట్టి మనిషి ఉండును. కొబ్బరితోటలోని డబ్బాను సంవత్సరము పొడవున పలుకరించువారు ఎవరు?

రెండవ ప్రపంచయుద్ధములో రేడియోలు పసిఫిక్ దీవుల అడవులకు చేరినప్పుడు ఈ ప్రశ్న సైన్యములకు ఎదురైనది. తేమ, బూజు పట్టి పరికరములు మూలబడినవి. తీగెలకు, పలకలకు లక్కవంటి పూతలు పూసిరి. కొన్నింటిని పూర్తిగా అతికి మూసివేసిరి. దుర్భిణుల వంటి దృశ్యపరికరములలో తేమలేని నైట్రోజనును నింపి మూయుట అలవాటైనది. ఆంధ్రదేశమున ఇట్టి సూక్ష్మపరికరముల పరిశ్రమకు చిరునామా మచిలీపట్నము. అక్కడ 1926లో స్థాపించిన ఆంధ్ర సైంటిఫిక్ కంపెనీని 1983లో భారత్ ఎలక్ట్రానిక్స్ సంస్థ స్వాధీనము చేసికొనినది. కాని పూర్తిగా అతికి మూయవలెనన్న గోడలు మందముగా నుండవలెను, అతుకులు నిర్దుష్టముగా నుండవలెను. సైన్యము ఆ ఖర్చు భరింపగలదు. మోటారు డబ్బాను కొను రైతు భరింపలేడు.

కవాటముతో పని జరుగదా? సైకిలు ట్యూబు వాల్వును చూచిన ప్రతి విద్యార్థికిని ఈ ఆలోచన వచ్చును. అది గాలిని ఒక వైపునకే పోనిచ్చును. అట్టి ఒంటివైపు కవాటమును డబ్బాకు పెట్టినచో కీడు హెచ్చగును: ఎండలో వేడిగాలి సుళువుగా బయటకు పోవును, వానలో తిరిగి వచ్చుటకు దారి ఉండదు, పీల్పు పూర్తిగా రబ్బరు పట్టీపై పడును. ఇరువైపుల తెరచుకొను స్ప్రింగు కవాటములును కలవు. దూరప్రయాణపు పెద్ద పెట్టెలకు అవి ఉపయోగించును. అయితే అవి తెరచుకొన్నప్పుడు ఎదుటనున్నది నీరైన నీటినే లోనికి విడుచును. గాలికి తలుపు, నీటికి గోడ కావలెను. ఈ రెండును ఒకే వస్తువు కావలెను.

తెలుగు వంటింటికి ఈ కోరిక క్రొత్త కాదు. ఊరగాయ జాడీ మూతికి వాసెన కట్టుదురు. ధూళి పడదు, జాడీ ఊపిరి ఆగదు. ఆవిరికుడుము వండునప్పుడు కుండమూతికి కట్టిన వాసెన గుండ ఆవిరి పైకి వచ్చును, పిండి క్రిందికి జారదు. వాసెన లోపమెల్ల ఒక్కటే: అది నూలుగుడ్డ, నీటికి తడియును. తడియని వాసెన దొరికినచో సమస్య తీరినట్లే.

తడియకుండుట యనగా ఏమో చేమాకు చూపును. దానిపై పడిన చినుకు ముత్యమువలె దొర్లిపోవును. నీటికి తన అణువులతోనే అంటు ఎక్కువగా నుండి, ఆకు మైనముతో అంటు తక్కువగా నుండుటయే కారణము. అట్టి ఉపరితలములో సన్నని కన్నమున్నను నీరు తనంతట దానిలో దూరదు, తోయవలెను. ఎంత తోయవలెనన్న లెక్కకు 1805, 1806 సంవత్సరములలో ఇంగ్లండులో థామస్ యంగ్, ఫ్రాన్సులో లాప్లాస్ పునాది వేసిరి. కన్నము ఎంత సన్ననిదో తోపు అంత హెచ్చుగా కావలెను. మిల్లీమీటరులో వేయవ వంతు వెడల్పుగల కన్నమైన, టెఫ్లాను వంటి తడియని పదార్థములో, సుమారు పది మీటర్ల లోతు నీటి బరువు పడినగాని నీరు దూరదు. గాలికిని, ఆవిరికిని ఆ కన్నమే రాచబాట. నీటి అణువు దాని వెడల్పులో మూడువేలవ వంతైనను ఉండదు.

టెఫ్లాను పుట్టుక కూడ ఒక మూసిన పాత్ర కథయే. 1938 ఏప్రిల్ 6న అమెరికాలో రాయ్ ప్లంకెట్ ఒక వాయువు సిలిండరు కవాటమును త్రిప్పగా వాయువు రాలేదు. తూచి చూడగా బరువు తగ్గలేదు. కోయించి చూడగా లోపల తెల్లని జారుడుపొడి! వాయువు అణువులు తమలో తాము గొలుసులుగా అల్లుకొనియుండెను. ఈ పదార్థమును పలుచగా సాగదీయుటకు చాలకాలము సాధ్యము కాలేదు. మెల్లగా లాగిన తెగిపోయెడిది. 1969 అక్టోబరులో రాబర్ట్ గోర్ ప్రయోగశాలలో వేడిచేసిన కడ్డీలను ఎంత మృదువుగా లాగినను తెగుచుండుటచే విసిగి, ఒకదానిని పట్టుకొని ఒక్క ఊపున గుంజెను. అది తెగలేదు; దాదాపు పదిరెట్లు సాగినది. అట్లు సాగిన పదార్థము లోపల సూక్ష్మతంతువుల వల, వలకన్నుల నిండ గాలి. న్యూజీలాండులో జాన్ క్రాపర్ 1966 నాటికే ఇట్టి సాగు పద్ధతిని కనిపెట్టి రహస్యముగా నుంచుకొనెను. వివాదము అమెరికా న్యాయస్థానమునకు పోగా, 1983లో అప్పీలు కోర్టు ఆ రహస్యము గోర్ పేటెంటుకు అడ్డుకాదని తీర్పు చెప్పినది. మొదట తెలిసికొన్నవానికంటె మొదట తెలియజేసినవానికి హక్కు నిచ్చు పద్ధతి ఇది. న్యాయమా యన్న ప్రశ్నకు క్రాపర్ పక్షమున కొంత చెప్పవచ్చును. జ్ఞానము పదుగురికి అందుట దృష్ట్యా గోర్ పక్షమున ఎక్కువ చెప్పవచ్చును.

ఆ పొరను మొదట వానకోటులకు, వైద్యమునకు వాడిరి. తరువాత మోటారు వాహనముల దీపములకు, ఎలక్ట్రానిక్ పెట్టెలకు, సెల్‌ఫోనులకు వచ్చినది. నేడు బొటనవ్రేలి గోరంత ప్లాస్టిక్ బిరడాలో ఆ పొరను బిగించి, డబ్బాకు పెట్టిన కన్నములో మరవలె త్రిప్పి నిలుపుదురు.

దీనిని ఎంపిక చేయుటలో లెక్క ఉన్నది. పై ఉదాహరణలో 6 లీటర్ల డబ్బా చల్లారునప్పుడు పీల్చవలసిన గాలి సుమారు 540 ఘనపు సెంటీమీటర్లు. అయిదు నిమిషములలో చల్లారినచో నిమిషమునకు నూరు ఘనపు సెంటీమీటర్లకు పైబడి గాలి ఆ పొర గుండ పోవలెను. పొర అంతకంటె బద్ధకమైనదైన పీల్పు మరల రబ్బరు పట్టీ మీదనే పడును. అందుచేత పెద్ద డబ్బాకు పెద్ద పొర కావలెను. నీటిని ఆపు శక్తిని మాత్రమే చూచి కన్నములు మరీ సన్ననివైన పొరను ఎంచుకొనువారు ఈ సంగతి మరచి భంగపడుదురు.

ఆవిరి మాటయేమి? పొర ఆవిరిని ఆపదు గదా అని ఆక్షేపింపవచ్చును. ఆక్షేపణ సబబైనదే; డబ్బా లోపలి తేమ కొలదికాలములో బయటి తేమకు సమానమగును. 30 డిగ్రీల వద్ద తేమతో నిండిన ఒక లీటరు గాలిలో 30 మిల్లీగ్రాముల నీరుండును. 540 ఘనపు సెంటీమీటర్ల గాలితో వచ్చు నీరు 16 మిల్లీగ్రాములు మాత్రమే, ఒక చిన్న చినుకు. పొర లేక అంచు సందు నుండి నీటినే పీల్చినచో అదే ఘనపరిమాణమునకు అర లీటరుకు పైగా రావచ్చును. రెంటికిని నిష్పత్తి ముప్పదివేల రెట్లకు పైమాట. పైగా ఆవిరిగా వచ్చినది మరునాటి ఎండలో ఆ పొర గుండనే ఆవిరిగా పోవును. నీరుగా వచ్చినది అడుగున తిష్ఠవేయును.

పెట్టెల బిగువును అంకెలలో చెప్పు అంతర్జాతీయ ప్రమాణ మొకటి కలదు. 'ఐ.పి. 67' అని ముద్రించిన పెట్టె ధూళిని పూర్తిగా ఆపునని, మీటరు లోతు నీటిలో అరగంట ఉంచినను చెడదని అర్థము. కొనువారు ఇది చూచి ధైర్యపడుదురు. అయితే ఆ పరీక్షలో నీటి ఉష్ణోగ్రతకును, పెట్టె ఉష్ణోగ్రతకును అయిదు డిగ్రీలకు మించి తేడా ఉండరాదని నియమము. ఎండకు 60 డిగ్రీలు కాగిన పెట్టెపై చల్లని వాన పడుట ఆ పరీక్షలోనే లేదు! పాఠశాలలో దీనిని సుళువుగా చూపవచ్చును. పలుచని ప్లాస్టిక్ సీసాలో వేడినీరు పోసి త్రిప్పి పారబోసి, వెంటనే బిరడా బిగించి, పైన చన్నీరు పోసిన సీసా నలిగిపోవును. బిరడాకు సూదికన్నము పెట్టి మరల చేసిన నలగదు. కన్నమును నీటిలో ముంచి చేసినచో సీసా నీటిని పీల్చును.

కోనసీమకు ప్రత్యేకమైన చిక్కులు మరి రెండు కలవు. సముద్రపు గాలి తెచ్చు ఉప్పు పొరపై పేరుకొని కన్నములను మూయును. కాబట్టి పొరను ఆకాశమువైపు కాక, నీరు నిలువకుండ డబ్బా ప్రక్కగోడకో అడుగునకో పెట్టవలెను. రెండవది కొబ్బరినూనె. నీటి తలతన్యతలో నూనె తలతన్యత సగమైనను లేదు. అందుచేత నీరు దూరలేని కన్నములలో నూనె సులభముగా ప్రాకును, ఒకసారి ప్రాకిన పొర నీటికిని దారి యిచ్చును. సబ్బునీరును ఇట్టిదే. గానుగలు, నూనె మిల్లులున్న చోట్ల నూనెను కూడ తిరస్కరించు పూత గల పొరలనే వాడవలెను.

రాజోలు, తాటిపాక ప్రాంతపు సహజవాయువు బావుల వద్ద మరొక నియమము పనిచేయును. 1995 జనవరి 8న పాశర్లపూడి బావి నుండి వాయువు ఎగదన్ని అంటుకొని రెండు నెలలకు పైగా మండిన సంగతి ఆ ప్రాంతమువారు మరువలేదు. అది బావిలోని పీడనము వలన జరిగినదే గాని పెట్టెల వలన కాదు. అయినను వాయువు తిరుగు చోట విద్యుత్పెట్టెలోని చిన్న మిణుగురు కూడ బయటకు రారాదు. అక్కడ ప్లాస్టిక్ పొర చాలదు. లోహపు పొడిని వేడిచేసి కుదించి అతికిన బిళ్ళను ఊపిరిద్వారముగా వాడుదురు. గాలి దాని సూక్ష్మమార్గముల గుండ పోవును, మంట చల్లారి ఆగును. డేవీ జల్లెడయే మందమై తిరిగి వచ్చినది.

కన్నము అత్యంత జాగ్రత్తగా పెట్టవలసిన పెట్టె మరొకటి కలదు. అది స్వయంచాలక వాతావరణ కేంద్రములోని భారమితి పెట్టె. లోపల వీడీ డబ్బీకి మునిమనుమని వంటి సిలికాను గుళిక ఉండును. వాన లోనికి రారాదు, పీడనము తప్పక రావలెను. పెద్దగాలి కన్నపు ముఖమున కొట్టినను, ప్రక్కగా వీచినను అసలు పీడనము దాచబడి తప్పుడు పీడనము తోచును. 1996 నవంబరు 6న కోనసీమను పెళ్ళగించి వేయిమందికి పైగా పొట్టన పెట్టుకొన్న తుఫాను వంటి దానిలో గాలి సెకండుకు 40 మీటర్ల వేగముతో వీచినదనుకొన్నచో, ఆ గాలి తాకిడికి సమానమైన పీడనము పది మిల్లీబార్ల చేరువ నుండును. తుఫాను బలమును తప్పు లెక్కించుటకు ఆ తేడా చాలును. అందువలన కన్నపు ముఖమున సమాంతరముగా బిళ్ళలను అమర్చి, గాలి ఏ దిక్కున వీచినను దాని తాకిడి కన్నమునకు తగులకుండ చేయుదురు. దానిపైన సన్నని తీగెవల నుంతురు. ఆ వల తుఫాను కొరకు కాదు. అట్టి కన్నము కనబడిన చాలు, మట్టితో గూడు కట్టి మూసివేయు కందిరీగల కొరకు.